వారాంతపు విడిది: కొండ నీడన కుటుంబం

మన కుటుంబాలలో ప్రయాణం అంటే ఏమిటి? పెళ్లి, పరామర్శ, ఆసుపత్రి, లేదా ఏ.ఎస్.పేటకో తిరుపతి రైల్వే స్టేషనుకో ఏదో ఒక పని మీద వెళ్లడం. బండి నిండా మనుషులుంటారు కాని ఆ ప్రయాణం మరొకరి కోసం చేసేది. కుటుంబం తన కోసం తాను, ఒకరితో ఒకరు గడపడం కోసం గడప దాటే సందర్భాలు వేళ్ల మీద లెక్కించదగినన్ని కూడా ఉండవు. తండ్రి రాత్రి తొమ్మిది దాకా అంగట్లో ఉంటాడు. పెద్దబ్బాయి చెన్నైలోనో బెంగళూరులోనో కొలువు చేస్తుంటాడు. మామూ గల్ఫ్ నుంచి రెండేళ్లకొకసారి నలభై రోజుల సెలవు మీద వచ్చి, ఆ నలభై రోజులూ విందులకే ఇచ్చి వెళ్లిపోతాడు. ఇంట్లో ఉన్న నలుగురూ నాలుగు ఫోన్లలో ఉంటారు. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన కుటుంబం ఒక్కటిగా ఉన్నట్టు కాదని మనకు తెలియక కాదు. దానికి ఉపాయమే తోచదు.

ఉపాయం దూరదేశాలలో లేదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల కుటుంబాలకు అది కిటికీ తెరిస్తే కనిపిస్తుంది. పడమట వెలికొండల వరుస, దాని ముందు 3,079 అడుగుల ఎత్తున ఉదయగిరి దుర్గం, దక్షిణాన కొండల సందు చీల్చుకొని వచ్చే పెన్నమ్మ, ఆ నీటిని పట్టి నిలిపిన సోమశిల. వేలాది రూపాయలు పోసి ఊటీకి వెళ్లలేకపోయామని చింతించే ఇళ్లకు, గంట ప్రయాణంలో అల్లాహ్ అమర్చి ఉంచిన విడుదులు ఇవి. నెలకొకసారి కాకపోయినా మూడు నెలలకొకసారి, ఒక రాత్రి రెండు పగళ్లు కుటుంబమంతా ఆరుబయట గడపడం ఎలాగో, అందులో ధర్మం ఏమి నేర్పుతుందో, జాగ్రత్తలు ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

దైవప్రవక్త (స) విడుదులు నేర్పిన పాఠాలు

విహారం అనగానే అది కాలహరణమని, ధార్మిక కుటుంబాలకు తగదని భావించే పెద్దలు కొందరున్నారు. వారి ఆందోళనలో కొంత నిజం లేకపోలేదు. సంగీతం, దుబారా, నమాజుల విస్మరణ కలిసిన విహారాలను చూసి వారు అలా అంటారు. అయితే ఆరుబయలుకు వెళ్లడమే తప్పు కాదు. దివ్య ఖుర్ఆన్ భూమిపై సంచరించమని, సృష్టి ఎలా ఆరంభమైందో, పూర్వజాతుల పర్యవసానం ఏమైందో కళ్లతో చూడమని పలుమార్లు పిలుపునిస్తుంది. దైవప్రవక్త (స) పసితనం బనూ సఅద్ తెగవారి ఎడారి గాలిలో, హలీమా సాదియా (రజి) ఒడిలో గడిచింది. బాల్యంలో ఆయన గొర్రెలు కాచారు. తొలి వహీ ఆయనకు అందినది కొండ మీది హిరా గుహలో. హిజ్రత్ వేళ ఆయన మూడు రాత్రులు తలదాచుకున్నది సౌర్ కొండ గుహలో. ఆ ప్రయాణానికి భోజనం సిద్ధపరచి, మూట కట్టడానికి తాడు లేక తన నడికట్టునే చీల్చి కట్టిన అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) పేరు మన ఆడపిల్లలందరికీ తెలుసు.

ఇవి మహత్కార్యాలు, మన విహారాలకు వాటితో పోలికేమిటి అనవచ్చు. అయితే ఇంకొక సాదా ఉల్లేఖనం వినండి. ఆరుబయలుకు వెళ్లడం గురించి ఒకరు అడిగినప్పుడు, దైవప్రవక్త (స) వాగులు పారే చోట్లకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒకసారి అలా వెళ్లబోతూ ఆమెకు ఇంకా స్వారీకి అలవాటుపడని ఒక ఆడ ఒంటెను పంపి, దానిపట్ల మృదువుగా వ్యవహరించమని బోధించారు. ఆ బోధ ఇచ్చిన సందర్భం యుద్ధయాత్ర కాదు, కుటుంబంతో కలిసి ఊరి వెలుపలికి చేసిన చిన్న ప్రయాణం. మరొక ప్రయాణంలో ఆయన సహచరులను ముందుకు సాగమని, సతీమణితో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో ప్రయాణంలో మళ్లీ పందెం జరిగి ఆయన గెలిచి, నాటి ఓటమికి ఇది బదులని నవ్వుతూ అన్నారు. సమాజ నాయకుడు, సేనాని, న్యాయమూర్తి అయిన ఆ మహనీయుడికి భార్యతో పరుగెత్తే తీరిక దొరికింది. మనకు దొరకకపోవడానికి కారణం పని ఒత్తిడి అని చెప్పుకునే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి.

విడిది చేసే పద్ధతిపై కూడా హదీసు గ్రంథాలలో ఎన్నో సూచనలున్నాయి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని నాయకుడిగా ఎన్నుకోవాలి. రాత్రివేళ దారి మీద దిగకూడదు, ఎందుకంటే అది రాత్రుళ్లు జంతువులు, విషప్రాణులు తిరిగే చోటు. విడిది చేసిన సహాబీలు లోయలలో చెల్లాచెదురుగా దిగితే, దగ్గర దగ్గరగా ఉండమని ఆయన హెచ్చరించారు. పడుకునే ముందు మంటలార్పాలి, పాత్రలపై మూతలు పెట్టాలి. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా కాలినప్పుడు, అగ్ని మీకు శత్రువని ఆయన గుర్తుచేశారు. నీరు తీసుకునే చోట, నడిచే దారిలో, జనం సేదతీరే నీడలో మలవిసర్జన చేయడాన్ని శాపకారణంగా పేర్కొన్నారు. ఈనాటి అటవీ శాఖ బోర్డుల మీద రాసే నియమాలు ఇంతకంటే ఎక్కువేమీ చెప్పవు. పిల్లలకు వీటిని పుస్తకంలో చదివించడం ఒక ఎత్తు, పొలం గట్టు మీద పడుకోబోయే ముందు పొయ్యి మీద నీళ్లు చల్లిస్తూ చెప్పడం మరొక ఎత్తు.

మూడు మెట్లలో అలవాటు

మొదటిసారే దుర్గం ఎక్కాలనుకోవద్దు. కుటుంబానికి ఆరుబయలు అలవాటు మెట్టుమెట్టుగా కావాలి.

మొదటి మెట్టు మన సొంత చోటు. ఆత్మకూరు, అనంతసాగరం, మర్రిపాడు, వింజమూరు పరిసరాలలో ప్రతి కుటుంబానికీ ఎవరో ఒక బంధువుకో స్నేహితుడికో మామిడితోటో, నిమ్మతోటో, బోరు షెడ్డో ఉంటుంది. అడిగి, అనుమతి తీసుకొని ఒక రాత్రి అక్కడ పడుకోవడం చాలు. గుడారం కొననవసరం లేదు. ధాన్యానికి కప్పే పట్ట ఒకటి, నాలుగు తాళ్లు, రెండు జంఖానాలు, దోమతెరలు, టార్చిలైట్లు ఉంటే విడిది సిద్ధం. అదీ కుదరకపోతే ఇంటి మిద్దె మీద మొదలుపెట్టండి. ఆరుబయట నిద్రపట్టని పిల్లవాడు, చీకటికి భయపడే పాప, నేల మీద నడుము పట్టే దాదీ ఎవరెవరో, ఎవరికి ఏమి కావాలో ఆ ఒక్క రాత్రితో తెలిసిపోతుంది.

రెండవ మెట్టు నీటి ఒడ్డు. వెలికొండలను దాటి పెన్నానది మైదానంలోకి అడుగుపెట్టే చోట కట్టిన సోమశిల జలాశయం నిల్వసామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. ఉదయగిరి మండలంలో గండిపాలెం జలాశయం ఉంది. పగటిపూట వెళ్లి, గట్టు మీద నడిచి, కొంగలను, బాతులను చూసి, అసర్ చేసుకొని చీకటిపడక ముందే తిరిగి రావడానికి ఇవి తగినవి. రాత్రి విడిది మాత్రం నది గర్భంలో ఎన్నడూ చేయవద్దు. ఇసుక మెత్తగా, చల్లగా పిలుస్తుంది కాని పైన ఎక్కడో కురిసిన వాన, పైన ఎక్కడో ఎత్తిన గేటు మనకు చెప్పి రావు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో పెన్నా ఉపనది చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ గ్రామాలు తెల్లవారేసరికి కొట్టుకుపోయాయి. ఆ నీరు చేరవలసినది సోమశిలకే.

మూడవ మెట్టు కొండ. అడవిలో రాత్రి బస చేయాలన్న కోరిక పిల్లలకు సహజమే, కాని వెలికొండలలో అధిక భాగం రిజర్వు అడవి. పెనుశిల నరసింహ అభయారణ్యం కూడా ఈ కొండలలోనే ఉంది. ఈ అడవులలో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. అంతకు మించి, ఇవి ఎర్రచందనం పెరిగే కొండలు. దొంగ రవాణా మూలంగా అటవీ, పోలీసు సిబ్బంది రాత్రింబవళ్లు కాపు కాస్తుంటారు. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో ప్రవేశించడం నేరం. కాబట్టి కొండకు పగలు మాత్రమే, స్థానిక అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకొని, ఊరివాడైన తోడుతో వెళ్లి, రాత్రికి ఊళ్లోనో తోటలోనో దిగడం మంచిది. చట్టాన్ని గౌరవించడం కూడా పిల్లలకు మనం నేర్పవలసిన దీన్‌లో భాగమే.

దుర్గం చెప్పే చరిత్ర

ఉదయగిరి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఊరికి ఆనుకొని లేచిన దుర్గం మీదికి రాతిమెట్ల దారి ఉంది. కొండ మీద, కొండ కింద కోటగోడలు, బురుజులు, ఆలయాలు, మసీదులు, కొలనులు శిథిలాలై కనిపిస్తాయి. ఒడిశా గజపతుల ఆధీనంలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకువెళ్లి, అక్కడ కృష్ణాలయం కట్టించాడు. విజయనగరం క్షీణించాక దుర్గం గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చింది. అనంతర కాలంలో జాగీరుగా మారింది. 1840 ప్రాంతంలో కుట్ర అభియోగం మోపి, చివరి జాగీర్దారును ఆంగ్లేయ ప్రభుత్వం చెంగల్పట్టుకు పంపివేసింది.

కొండ మీది మసీదు దగ్గర రెండు పారశీక శాసనాలు ఉన్నాయి. పాత గెజిటీరులో నమోదైనదాని ప్రకారం అవి గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కాలానివి, 1642-43 నాటివి. షేక్ హుసేన్ అనే వ్యక్తి గాజీ అలీ ఆజ్ఞతో మసీదు కట్టించి తోట వేయించాడని చెబుతాయి. ఆ గాజీ అలీ ఇక్కడి ఒక ప్రాచీన ఆలయాన్ని తగులబెట్టి, దాని స్థానంలో ఈ మసీదును నిలిపినట్లు కూడా అదే శాసనం గర్వంగా చెప్పుకున్నది.

ఈ మాట పిల్లలకు చెప్పాలా, దాచాలా? చెప్పాలి. మనం చెప్పకపోతే రేపు మరొకరు ద్వేషం కలిపి చెబుతారు. రాజుల విజయగర్వం వేరు, ధర్మం వేరు. ఒక రాజు విగ్రహాన్ని తన రాజధానికి తరలించుకుపోయాడు, మరొక సేనాని ఆలయాన్ని కాల్చానని రాళ్లపై చెక్కించుకున్నాడు. ఇద్దరికీ కావలసింది దుర్గం. ఖుర్ఆన్ హజ్ సూరాలో మఠాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు అన్నింటినీ ఒకే వరుసలో పేర్కొని, వాటి రక్షణను దైవం తన ఏర్పాటుగా వర్ణిస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) జెరూసలేం వాసులకు వారి చర్చీల రక్షణకు హామీ ఇచ్చిన చరిత్ర మనకుంది. ఈ గీటురాయితోనే మన పాలకులనూ ఇతరుల పాలకులనూ తూచాలి. శిథిల మసీదు ముందు చెప్పులు విడిచి నిలబడిన పిల్లవాడు, పక్కనే ఉన్న శిథిల ఆలయం గోడ మీద బొగ్గుతో పేరు రాయకుండా ఉండగలిగితే వాడు ఆ కొండ ఎక్కినందుకు ఫలితం దక్కినట్టే.

గుప్తనిధుల ఆశతో ఇక్కడి కట్టడాల పునాదులు తవ్వినవారున్నారు. గోడల మీద పేర్లు చెక్కినవారున్నారు. మన కుటుంబం తిరిగి వచ్చేసరికి ఒక సంచి నిండా ఇతరులు పారవేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరుకొని వస్తే, దారిలోని హానికర వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటన్న బోధ ఆచరణలోకి వచ్చినట్లు.

కొండ దిగాక ఊళ్లో ఒక గంట ఆగండి. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళ. ఈ పని తరతరాలుగా చేస్తున్నవారిలో మన ముస్లిం కుటుంబాలే ఎక్కువ, స్త్రీల చేతిపని అందులో అధికం. నర్ది, బిక్కి, కల్ది వంటి తేలిక చెక్కలు ఈ దుర్గం అడవులవే. కొండ మీద చెట్టును చూసి, కింద అదే చెక్క ఒక తల్లి చేతిలో చెంచాగా మారడం చూసిన బిడ్డకు అడవి ఎందుకు బ్రతకాలో వేరే పాఠం అక్కరలేదు. బేరమాడకుండా రెండు చెంచాలు కొనండి.

నమాజు, నీరు, ఖిబ్లా

విహారంలో నమాజు తప్పితే ఆ విహారానికి అర్థమే లేదు. కాలపట్టికను నమాజు చుట్టూ కట్టుకుంటే ప్రయాణం కూడా క్రమబద్ధమవుతుంది. ఫజ్ర్ కాగానే ఎక్కడం మొదలు, ఎండ ముదరక ముందే పైకి చేరిక, దిగివచ్చి జుహర్, తోటలో అసర్, పొయ్యి దగ్గర మగ్రిబ్, నక్షత్రాల కింద ఇషా. అబ్బా ఇమామతు చేస్తే, అజాన్ ఇవ్వడానికి చిన్నవాడికి అవకాశమివ్వండి. ఇంట్లో సిగ్గుపడే గొంతు కొండ ముందు తెరుచుకుంటుంది.

కస్ర్ విషయంలో తికమక వద్దు. హనఫీ పండితులు ప్రయాణ దూరాన్ని సాధారణంగా సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కిస్తారు. నెల్లూరు నుంచి ఉదయగిరికి వచ్చిన కుటుంబం ఆ దూరం దాటినట్లే గనుక, నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను రెండుగా చేస్తుంది. ఆత్మకూరు నుంచి వచ్చినవారికి ఆ దూరం లేదు, వారు పూర్తిగా చేయాలి. ఇద్దరూ కలిసి విడిది చేస్తే స్థానికుడు ఇమామైనప్పుడు ప్రయాణికులు కూడా పూర్తిగా చేస్తారు. ప్రయాణికుడు ఇమామైతే ఆయన రెండు రకాతులకు సలాం చెప్పాక స్థానికులు లేచి మిగతావి పూర్తిచేసుకుంటారు. ఈ చిన్న లెక్క పిల్లల మెదడుకు మంచి మేత. ఇతర మస్లక్‌ల వారు తమ ఆలిమ్‌లను అడిగి ఆచరించాలి.

కొండ మీదికి మోసుకెళ్లిన నీరు తాగడానికే సరిపోతుంది. ఆ నీటితో వుజూ చేస్తే దాహంతో ఇబ్బందిపడే స్థితి ఉండి, సమీపంలో, అంటే సుమారు ఒక మైలు లోపల, వేరే నీరు లేనప్పుడు తయమ్ముమ్ అనుమతించబడింది. అందుబాటులో నీరుండగా బద్ధకంతో చేసేది తయమ్ముమ్ కాదు. ఖిబ్లా మన ప్రాంతం నుంచి సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపుకు సుమారు 16 డిగ్రీలు. ఉదయగిరిలో నిలబడినవారికి ముఖం వెలికొండల వైపు ఉంటుందన్నమాట.

తాగునీరు ఇంటినుంచే తీసుకువెళ్లండి. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతాల భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య చిరకాలంగా ఉంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కొండ ఎక్కేరోజు పెద్దవారికి తలా మూడు లీటర్లు తక్కువ కాకుండా చూసుకోవాలి.

అమ్మకూ సెలవే

విడిది విఫలం కావడానికి అన్నింటికంటే పెద్ద కారణం ఒకటుంది. మగవారు చాప మీద పడుకొని కబుర్లు చెబుతుంటే, అమ్మ ఇంట్లో గ్యాస్ పొయ్యి దగ్గర చేసే పనినే తోటలో కట్టెపొయ్యి దగ్గర పొగలో చేస్తుంది. అప్పుడు సెలవు దొరికింది ఎవరికి? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో ఉండేవారని, అజాన్ వినగానే నమాజుకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. కాబట్టి విడిదిలో వంట, నీళ్లు మోయడం, పాత్రలు తోమడం మగవారి, ఎదిగిన మగపిల్లల వంతు అని బయలుదేరే ముందే నిర్ణయించుకోండి. ఎన్నుకున్న నాయకుడు అబ్బాయే కానక్కరలేదు. ఈసారి విడిది పనులు పంచే బాధ్యత ఇంటి పెద్దమ్మాయికివ్వండి.

వంట కూడా సాదాగా ఉండాలి. బిర్యానీ దేగ్చా మోసుకెళితే అది మరొక దావత్ అవుతుంది. పొద్దునకు సద్దన్నం, మజ్జిగ, మామిడికాయ ఊరగాయ. కొండ మీదికి ఖర్జూరాలు, వేయించిన వేరుశెనగలు, ఉడికించిన గుడ్లు, బొరుగులు, బత్తాయిలు. రాత్రికి ఖుష్కా, దాల్చా. ఇంతకు మించి అక్కరలేదు. పక్క పొలం కాపలాదారుకు ఒక గిన్నె పంపడం మరవద్దు.

ఆడపిల్లలను ఇంట్లో వదలి మగపిల్లలను మాత్రమే తీసుకువెళ్లే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. పర్దా పేరిట అలా చేయడం న్యాయం కాదు. కుటుంబంతో, మహ్రమ్‌ల తోడుతో వెళ్లే ప్రయాణం వారికి కూడా హక్కే. కావలసింది ఏర్పాటు. స్త్రీల నిద్రకు వేరుగా తెర, మరుగుదొడ్డి సౌకర్యమున్న తోట లేదా షెడ్డు, వదులైన నూలు దుస్తులు, జారని బూట్లు ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు. దాదీ, నానీలు కొండ ఎక్కలేకపోయినా కింద నీడలో కూర్చొని, సాయంత్రం కథలు చెప్పే కొలువు వారిదే. కుటుంబ చరిత్ర ఫోటోలలో ఉండదు, వారి నాలుక మీద ఉంటుంది. తాతగారు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ కరువులో ఏమి తిన్నారు, ఎవరు ఆదుకున్నారు అని పిల్లలతో అడిగించండి.

ప్రాణరక్షణ ముందు

నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఏప్రిల్, మే నెలల ఎండ కొండరాళ్లను పెనంలా కాలుస్తుంది. అందువల్ల విడిదికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఉరుము వినిపిస్తే కొండకొమ్మున, ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు. వెంటనే దిగిరండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఆరుబయటకు రావద్దు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి మన పొలాలలో ఉన్నవే. చీకటిలో టార్చి లేకుండా ఒక్క అడుగూ వేయరాదు. రాళ్ల సందులలో చేయి పెట్టరాదు. బూట్లు తొడిగే ముందు దులపాలి. నేల మీద పడుకునేవారు దోమతెర అంచులను జంఖానా కిందకు మడిచిపెట్టాలి. పాము కాటేస్తే గాయాన్ని కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం, మంత్రం వేయించడం అన్నీ ప్రాణాంతకమైన ఆలస్యాలు. కాటుపడినవారిని నడిపించకుండా, కాటుపడిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి తక్షణం చేర్చాలి. బయలుదేరే ముందే ఆ ఆసుపత్రి ఎక్కడో తెలుసుకోండి. కొండమీద ఫోన్ సంకేతం అందని చోట్లుంటాయి కాబట్టి, ఎప్పటికి తిరిగి వస్తామో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

చీకటిలో తెరుచుకునే పుస్తకం

ఇషా అయ్యాక ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి, అత్యవసరానికి ఒక్కటి మాత్రం పెద్దవారి దగ్గర ఉంచండి. ఉత్తరం వైపు తిరిగి, చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలిన్నర ఎత్తున ధ్రువనక్షత్రం ఉంటుంది, ఎందుకంటే ఉదయగిరి సుమారు 15 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. ధ్రువనక్షత్రం వైపు నిలబడినవారికి ఖిబ్లా ఎడమచేతి వైపున, ఆ చేతికి కొంచెం ముందుగా ఉంటుంది. చీకట్లలో దారి తెలుసుకోవడానికి నక్షత్రాలను అమర్చినట్లు ఖుర్ఆన్ చెప్పే మాట ఆ పూట పిల్లలకు అనుభవమవుతుంది.

పక్షులను గమనించే అలవాటు చేయండి. వెలికొండలకు ఆవల కడప జిల్లా ముళ్లపొదల అడవుల్లో కలివికోడి అనే పక్షి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ రాత్రి పక్షి 1986లో మళ్లీ దొరికింది. దానికోసం వెదికినది బాంబే సహజచరిత్ర సంఘం. ఆ సంఘానికి జీవితాన్ని అంకితం చేసిన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బొంబాయిలోని ఒక ముస్లిం కుటుంబంలో 1896లో పుట్టాడు. బాల్యంలో తాను కొట్టిన ఒక పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవాలని ఆ సంఘం గడప తొక్కాడు. ఒక పిల్లవాడి ప్రశ్నను ఎవరో ఒకరు ఓపికగా విన్నారు కనుక ఒక శాస్త్రవేత్త తయారయ్యాడు.

ఇంకొక ఉల్లేఖనంతో రాత్రి ముచ్చట ముగించవచ్చు. ఒక ప్రయాణంలో సహాబీలు ఒక పిట్ట పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని బిడ్డలను దూరం చేసి దాన్ని బాధించింది ఎవరని అడిగి, వెంటనే తిరిగి ఇప్పించారు. అదే ప్రయాణంలో కాలిపోయిన చీమలపుట్టను చూసి, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పుకు ప్రభువైన వాడికే ఉందని మందలించారు. మన పిల్లలు కొండ దారిలో తొండల మీద రాళ్లు విసరబోయేటప్పుడు ఈ మాట వారికి గుర్తుండాలి.

చాంద్రమాసంలో 13, 14, 15 రాత్రులు విడిదికి అందమైనవి, వెన్నెలే దీపమవుతుంది. ఆ రోజులలో నఫిల్ ఉపవాసం పాటించే కుటుంబాలు కొండ జోలికి పోకుండా తోటలోనే ఉండి, చెట్టు కింద ఇఫ్తార్ చేసుకోవచ్చు.

సోదరులారా, సోదరీమణులారా! పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు ఏళ్ల తరబడి కూడబెడతాం. వారితో కూర్చొనే సమయాన్ని కూడబెట్టలేం. బడికి వెళ్లే బిడ్డ పదేళ్లలో రెక్కలు వచ్చి చెన్నైకో, దుబాయికో ఎగిరిపోతుంది. ఆ పదేళ్లలో ఏడాదికి నాలుగు విడుదులు చేసినా మొత్తం నలభై రాత్రులే. మొదటిదానికి ఈ నెలలోనే ఒక శనివారం నిర్ణయించండి. తోట ఉన్న బంధువుకు ఒక ఫోన్ చేయండి, పట్టనూ తాళ్లనూ వెదికి పక్కన పెట్టండి. అల్లాహ్ మన కుటుంబాలను తన సృష్టి నీడలో దగ్గర చేసి, క్షేమంగా వెళ్లి క్షేమంగా ఇల్లు చేరే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.